శిడ్లఘట్టలో మందూ ప్రార్థనా

బెంగుళూరు తెలుగువారిలో నంది కొండ చూడనివారు అరుదు. పిల్లలకు సెలవులు వచ్చినా, ఊరినుంచి చుట్టాలు వచ్చినా మనకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆ కొండే. అయితే కొండ దిగిన తరువాత తూర్పుగా మరి కొంతదూరం వెళ్ళి, అవతల ఏమున్నదో చూచి వచ్చినవారు కొద్దిమందే. అవతల ఉన్నది మన భాష. చిక్కబళ్ళాపురం, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి తాలూకాలలో బోర్డులు కన్నడంలో ఉంటాయి, బేరాలు తెలుగులో సాగుతాయి. బస్సులో కండక్టరు కన్నడంలో టికెట్టు అడుగుతాడు, ముసలమ్మ తెలుగులో చిల్లర అడుగుతుంది. ఎవరికీ దుబాసీ అక్కరలేదు. 2007లో కోలారునుంచి విడదీసి చిక్కబళ్ళాపురాన్ని వేరే జిల్లా చేసినా ఈ మాటతీరు మారలేదు. కైవారం నారాయణ తాతయ్యగారు తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పిన నేల ఇది. కైవారం చింతామణి తాలూకాలోనిదే.

మొన్న శని, ఆది, సోమవారాలు మేమిద్దరం ఈ వైపు తిరిగి వచ్చాము. ఇది వినోదయాత్ర కాదు. శిడ్లఘట్టలో మా బాబాయిగారి అమ్మాయి ఉన్నది. మాకు వరసకే గాని, పెరిగినదంతా మా ఇంట్లోనే కనుక తోడబుట్టిన చెల్లెలే. ఆమెకు క్షయ అని కొన్నాళ్ళ క్రిందట తెలిసింది. మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గింది, అన్నం సహించింది, ఒళ్ళు చేసింది. ఈలోపల ఆమె ఆ ఊరి చిన్న ప్రార్థన మందిరానికి వెళ్ళనారంభించింది. ఆ సంగతి మాకు తెలుసు. తెలియనిది మరొకటి, అది బావ ఫోనులో చెప్పాడు: “మాత్రలు మానేసి ఇరవై దినాలాయె బావా. స్వస్థత అయిపోయిందంట. నా మాట వినేట్టు లేదు. నువ్వూ అక్కయ్యా ఒకసారి వచ్చి పోండి.”

పాఠకులలో వైద్యులున్నారు, వారికి చెప్పవలసిన పని లేదు. తక్కినవారి కోసం రెండు మాటలు. క్షయకు మామూలుగా ఆరు నెలల మందు. మొదటి కొద్ది వారాలలోనే దగ్గు, జ్వరం తగ్గుతాయి, మనిషి తేరుకుంటాడు. అయితే లోపల కొన్ని క్రిములు నిద్రపోతున్నట్టు మిగిలి ఉంటాయి. వాటికోసమే తక్కిన నెలల మందు. మధ్యలో మానితే రోగం తిరగబెట్టవచ్చు; తిరగబెట్టినప్పుడు పాత మందుకు లొంగకపోవచ్చు. ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉండగా, ఇరవై రోజులంటే చిన్నమాట కాదు.

శనివారం ఉదయం చిక్కబళ్ళాపురంలో బస్సు మారవలసి వచ్చింది. గంటసేపు వ్యవధి ఉన్నది కనుక సి.ఎస్.ఐ. ఆసుపత్రిదాకా నడిచి వచ్చాము. పాతవారు దానిని ఇప్పటికీ మిషన్ ఆసుపత్రి అనే అంటారు. లండన్ మిషన్ వారు 1913లో పెట్టినది. ఆ సంఘానికి చాలాకాలం కార్యదర్శిగా ఉన్న వార్డ్లా థాంసన్ గారి పేరు దానికి పెట్టారు. మొదలుపెట్టిన డాక్టరు టి. వి. క్యాంబెల్ దొరగారు మన రాయలసీమవారికి కొత్త కాదు. ఇక్కడికి రాకముందు ఆయన కడప జిల్లా జమ్మలమడుగులో పనిచేశారు. అక్కడి ఆసుపత్రి నేటికీ క్యాంబెల్ ఆసుపత్రే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ మిషను సంఘాలు అందులో కలిశాయి.

గేటు దగ్గర నిలబడి మా ఆవిడ ఒక మాట అన్నది: “ప్రార్థన మీద వీళ్ళకున్నంత నమ్మకం ఎవరికుంది? ఆ నమ్మకంతోనే సముద్రం దాటి వచ్చారు కదా. వచ్చి కట్టింది గుడి ఒక్కటే కాదు, మందుల కొట్టు కూడా.” మేము ఆ రెండు దినాలలో చెప్పిన మాటలకూ విన్న మాటలకూ ఇదే మూలమని తరువాత తోచింది.

చిక్కబళ్ళాపురంనుంచి శిడ్లఘట్ట దారిలో ఇరుప్రక్కలా మల్బరీ తోటలు. అటుతరువాత ద్రాక్ష పందిళ్ళు, టొమాటో, మళ్ళీ మల్బరీ. నీళ్ళు మాత్రం బోర్ల లోతులో ఉన్నాయి. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టు రాష్ట్రంలో పేరున్నది. ప్రొద్దుట రైతులు గూళ్ళు తెచ్చి పోస్తారు, రీలర్లు చేతిలోకి తీసుకుని నొక్కి, చెవిదగ్గర ఆడించి చూస్తారు. అక్కడినుంచి గూళ్ళు వీధులలోని చరకాలకూ మిషన్లకూ చేరతాయి. మరిగే నీళ్ళలో గూళ్ళు వేసి, పోగు కొస పట్టి, కొన్ని పోగులు కలిపి తీస్తారు. పట్టుచీర కట్టుకున్నప్పుడు మనకు మెరుపే గాని ఆవిరీ, ఉడికిన పురుగు వాసనా తెలియవు. బావకు ఇంటి వెనుక రేకుల కొట్టంలో అటువంటి బేసిన్లు కొన్ని ఉన్నాయి. జబ్బుపడేదాకా చెల్లెలు రోజంతా ఆ ఆవిరిలోనే కూర్చునేది. గాలి సరిగా ఆడని గదిలో ఒకరి దగ్గు మరొకరికి చేరడం ఎంతసేపు?

“ఎప్పుడు బయలుదేరితిరి వదినా? అన్నం తింటిరా?” అని చెల్లెలు ఎదురొచ్చింది. మేము చూచిన మనిషి వేరు. ఆరు నెలల క్రిందట వచ్చినప్పుడు గోడవైపు తిరిగి పడుకున్నది, పలకరిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఇప్పుడు ముఖంలో వెలుగు ఉన్నది. మా ఆవిడ చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి రాగిముద్ద కెలుకుతూ నవ్వుతున్నది. ఇది మందు ఒక్కదానివల్ల వచ్చినదని అంటే మేము నమ్మము.

రాత్రి తానే చెప్పింది. జబ్బు తెలిసిన వారంలోనే వీధిలో ఆడవాళ్ళు రావడం మానుకున్నారు. అత్తగారు పళ్ళెం, చెంబు వేరుపెట్టింది. నిజానికి క్షయ పళ్ళెం వల్ల, చెంబు వల్ల రాదు. దగ్గినప్పుడు తుంపర్లు గాలిలో కలిసి వస్తుంది, సరైన మందు పడిన కొద్ది వారాలకు ఆ భయం చాలా తగ్గుతుంది. ఆ సంగతి చెప్పేవారు లేకపోయారు. అప్పుడు ప్రార్థన మందిరంనుంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారట. తలుపు దగ్గర నిలబడక లోపలికి వచ్చి మంచంమీదనే కూర్చున్నారు. ప్రార్థన చేశారు, పాట పాడారు. పోతూపోతూ ఆమె చెంబుతోనే నీళ్ళు తాగారు. “ఆ నీళ్ళు తాగేది చూసి నాకు ఏడుపొచ్చె అన్నా. ఆ దినమే సగం జబ్బు పోయె,” అన్నది.

మా ఇంటి దేవుడు తిరుపతి వెంకన్న. అయినా ఆ మాటకు మేము ఎదురు చెప్పలేకపోయాము. మనిషిని మనిషిగా చూచినచోట దేవుడున్నాడని మన పెద్దలు చెప్పినదే కదా.

అయితే మాత్రల మాట ఎత్తగానే ఆమె గొంతు మారింది. వేరే ఊరినుంచి వచ్చిన ఎవరో స్వస్థత కూటంలో బోధించారట: సంపూర్ణంగా నమ్మినవారికి మందు అక్కరలేదని, మందు మింగడం నమ్మకం చాలకపోవడమేనని. “నాకు నయమాయె. ఇంకా మాత్ర మింగితే దేవునికి అబద్ధం చెప్పినట్టు కాదా?” రేపు ఆదివారం మందిరంలో లేచి నిలబడి, తనకు పూర్తిగా స్వస్థత కలిగినదని సాక్ష్యం చెప్పబోతున్నదట. బావ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “ఇకమీదట ఆ గుడి గడప తొక్కేది లేదు. మాత్రలు మింగు, లేదంటే మీ అన్నతో బెంగుళూరికి పో,” అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. మళ్ళీ గోడవైపు తిరిగింది.

బావ కోపం మాకు తెలియనిది కాదు. ఇద్దరు పిల్లల తండ్రి భయం అది. కాని ఆమెను మంచంమీదనుంచి లేపినవారిని ఆమెకు దూరం చేస్తే మాత్ర గొంతు దిగుతుందా? మా ఆవిడ ఇద్దరినీ ఊరుకోబెట్టి ఆరోగ్యవరం కథ ఎత్తుకున్నది. ఆ కథ మా ఇంట్లో పాతదే. చెల్లెలు కూడా చిన్ననాడు మా నాయనమ్మ నోట విన్నదే.

చింతామణి మీదుగా ఆంధ్ర సరిహద్దు దాటితే మదనపల్లె. దాని ప్రక్కనే ఆరోగ్యవరం. దక్షిణదేశంలో పనిచేస్తున్న పలు మిషన్లవారు కలిసి 1915లో అక్కడ క్షయ రోగుల ఆసుపత్రి తెరిచారు. డెన్మార్కు దేశపు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ గారు దానిని ఎన్నో ఏండ్లు నడిపారు. అప్పటికి క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టినది 1943లో. అంతవరకు పొడిగాలి, విశ్రాంతి, బలమైన తిండి, కొందరికి ఊపిరితిత్తిని అణచి ఉంచే చికిత్స, ఇవే ఆధారం. మా తాతగారి అన్నగారు ఆ రోజులలో అక్కడ ఏడాదిన్నర ఉన్నారట. బ్రతికి వచ్చారు. ప్రక్క మంచాలవారు అందరూ రాలేదు. ఆయన కడదాకా నామం పెట్టుకున్న మనిషే, కాని సాయంకాలం వార్డులో విన్న ఒక క్రైస్తవ కీర్తన వరుసను ముసలితనంలో కూడా కూనిరాగం తీసేవారని నాయనమ్మ చెప్పేది.

“చూడు పిల్లా,” అన్నది మా ఆవిడ, “మందు లేని దినాల్లో ప్రార్థన చేసి వాళ్ళు ఊరుకోలేదు. మందు ఎప్పుడొస్తుందా అని చూశారు. వచ్చిన దినం, ప్రార్థన నెరవేరిందనే కదా అనుకొని ఉంటారు? ఆ పెదతాత ఏడాదిన్నర పడక వేసి కాచుకున్నది ఇప్పుడు నీ అలమరలో పొట్లం కట్టి ఉంది.”

ఆ మాట నిజం. మందులు వచ్చిన తరువాత రోగి శానటోరియంలోనే ఉండాలా, ఇంట ఉంటే చాలదా అని 1956లో మద్రాసులో పరిశోధన మొదలుపెట్టారు. క్రమంగా మందు వాడితే ఇంట ఉన్నవారికి కూడా అంతే బాగా నయమవుతున్నదని తేలింది. మన బెంగుళూరిలో జాతీయ క్షయ సంస్థ 1959లో వెలసింది. ఇల్లు విడువకుండా, పిల్లల మధ్య ఉంటూనే శిడ్లఘట్ట రీలరు ఇల్లాలు ఈనాడు క్షయనుంచి బయటపడగలదంటే దాని వెనుక ఇంత కథ ఉన్నది.

చెల్లెలు విన్నది. ఔననలేదు, కాదనలేదు.

ఆదివారం ఆమెతో కూడా మేము మందిరానికి వెళ్ళాము. బావ గుమ్మందాకా వచ్చి వెనుదిరిగాడు. రేకుల కప్పు, నేలమీద చాపలు, నలభై యాభైమంది జనం. బైబిలు కన్నడంలో చదివారు, పాటలు తెలుగులో పాడారు. ఆడవాళ్ళలో సగంమంది చేతివ్రేళ్ళు వేడినీళ్ళకు తెల్లగా నానినవే. ప్రార్థనకు ముందుగానే మా ఆవిడ పాస్టరుగారిని ప్రక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన వయసు మళ్ళిన మనిషి. మాత్రలు మానినట్టు తనకు తెలియదన్నారు. ముఖం వాడిపోయింది.

ఆనాడు ఆయన ప్రసంగం హిజ్కియా రాజు గురించి. రాజుకు ప్రాణం మీదికి వచ్చింది. గోడవైపు ముఖం త్రిప్పుకుని ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విని ఇంకా పదిహేనేండ్లు ఆయుస్సు ఇస్తానని యెషయా ప్రవక్తచేత కబురంపాడు. “అంతటితో అయిపోయిందా?” అని పాస్టరుగారు ఆగి అడిగారు. “లేదు. ఆ కబురు తెచ్చిన ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. దేవుడు మాట ఇచ్చినాక కూడా పండ్ల ముద్ద వేశారు. రాజుకు నమ్మకం చాలకనా? సువార్త వ్రాసిన లూకా ఎవరు? వైద్యుడు. తిమోతికి కడుపు బాగాలేకపోతే పౌలు ప్రార్థన చెయ్యమని ఊరుకున్నాడా? ఏం పుచ్చుకోవాలో కూడా వ్రాశాడు.” ఆయన చెల్లెలివైపు ఒక్కసారి కూడా చూడలేదు. గోడవైపు తిరిగిన రాజు మాట వచ్చినప్పుడే ఆమె తల వంచుకున్నది.

కూటం ముగిసిన తరువాత అసలు మాట చెప్పినది ఒక ముసలమ్మ. చెంబుతో నీళ్ళు తాగిన ముగ్గురిలో ఆమె ఒకతె. నలభై ఏండ్లు పట్టుపురుగులు మేపిన చేయి. పురుగు పొదిగినప్పటినుంచి గూడు కట్టేదాకా దాదాపు ఇరవై అయిదు దినాలు ఆకు తింటుంది. మధ్యలో నాలుగుసార్లు తల ఎత్తి, కదలక, తినక పడి ఉండి పొర విడుస్తుంది. దానిని ఇక్కడివారు జ్వరం అంటారు. పురుగు జ్వరానికి కూర్చున్నది అంటారు. నాలుగో జ్వరం దాటిన తరువాత తినే ఆకే అన్నిటికంటే ఎక్కువ. అప్పుడు గాని చంద్రికల మీదికి ఎక్కించరు. ముసలమ్మ చెల్లెలి గడ్డం పట్టుకుని అన్నది: “ఏమే తల్లీ, రెండో జ్వరం లేచింది, పురుగు కళకళలాడతా ఉంది అని ఆకు వేసేది మానుతామా? మానితే గూడు కడుతుందా? దేవుడు పురుగునిచ్చె, ఆకునూ ఇచ్చె. వేసేది మన పని గదా.”

చెల్లెలు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

సాక్ష్యం ఆ ఆదివారం చెప్పలేదు. ఆరు నెలలు నిండి, డాక్టరు చాలునన్న తరువాతి ఆదివారం చెప్పమని పాస్టరుగారు అన్నారు; ఆమె సరేనన్నది. సోమవారం ప్రొద్దున మేము, బావ, ఆమె కలిసి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాము. అక్కడి డాక్టరమ్మ కేకలు వేయలేదు. ఎన్ని రోజులు మానినదీ వ్రాసుకున్నారు, తెమడ పరీక్షకు మళ్ళీ పంపారు. ఫలితం చూచి మందు పాతదే సాగించడమా, మార్చడమా నిర్ణయిస్తామన్నారు. ఈ మందులూ పరీక్షలూ అన్నీ ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నవే. రోగి తిండికని 2018నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరునుంచి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. ఇంట్లో తక్కినవారికి, ముఖ్యంగా పిల్లలకు, పరీక్ష చేయించమని కూడా డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. బావకు అది క్రొత్త సంగతి. ఆ రోజే చేయించాడు.

మేము బస్సెక్కిన నాలుగు రోజులకు ఫోను వచ్చింది. పరీక్షలో క్రిమి కనబడలేదు, పాత మందే సాగించమన్నారు. ఉదయం ప్రార్థన కాగానే మాత్రలు మింగడం అలవాటు చేసుకున్నదట. ప్రొద్దున పాలు పోయించుకోవడానికి వచ్చే ముసలమ్మ, “ఆకు వేస్తివా?” అని అడిగి మరీ పోతుందట. రేకుల కొట్టానికి బావ రెండు కిటికీలు పెట్టించాడు. మందిరానికి పోవద్దన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంకా నాలుగు నెలల మందు మిగిలి ఉన్నది. పూర్తిగా నయమైనదని మేము ఇప్పుడే వ్రాయము.

ఒక్క సంగతి మాత్రం వ్రాస్తాము. ఆమెకు సంతోషం ముందు వచ్చింది, స్వస్థత వెనుక వస్తున్నది. ఆ సంతోషం లేకపోతే మాత్ర మింగే చేయి లేచేది కాదు. మాత్ర లేకపోతే ఆ సంతోషం ఎంతకాలం నిలిచేదో చెప్పలేము. మన సంఘం కుటుంబాలలో గుడికి వెళ్ళేవారున్నారు, చర్చికి వెళ్ళేవారున్నారు, మసీదుకు వెళ్ళే ఇరుగుపొరుగు ఉన్నారు. ఎవరి ఇంట దీర్ఘరోగి ఉన్నా, వారు నమ్మిన దేవుని వారినుంచి లాక్కోవద్దు, డాక్టరు ఇచ్చిన పొట్లమూ మధ్యలో విడువనీయవద్దు. వీలైతే వెళ్ళి మంచంమీదనే కూర్చుని, వారి చెంబుతో గుక్కెడు నీళ్ళు తాగి రండి.